తండ్రి ఇస్తేనే పలికే అక్షరం: ఒక బలిసిన పొట్టేలు కథ

[తెరపై: పచ్చిక బయలులో తెల్లని గొర్రెల మంద. కెమెరా నెమ్మదిగా ఒక పొట్టేలు వెనుక భాగం దగ్గరికి వెళ్లి ఆగుతుంది.]

1983లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, మాంసం కోసం గొర్రెలు పెంచే ఒక మందలో డార్సెట్ జాతి మగపిల్ల పుట్టింది. పెరిగేకొద్దీ దాని నడుము, వెనుక తొడలు ఉబ్బి, గోదాలోకి దిగబోయే వస్తాదులా తయారైంది. ముందు నుంచి చూస్తే మామూలు పొట్టేలే. వెనక్కి వెళ్లి చూసినవాళ్లే నోరు తెరిచారు. దానికి సాలిడ్ గోల్డ్ అని పేరు పెట్టారు. అంటే మేలిమి బంగారం. పెంపకందారు ఆశలు ఏ స్థాయిలో ఉన్నాయో పేరే చెబుతోంది.

ఆశ పడటంలో తప్పు లేదు. ఈ పొట్టేలు సంతానంలో తొడలు బలిసిన వాటికి కండ సుమారు 30 శాతం ఎక్కువ, ఒంట్లో కొవ్వు తక్కువ. పైగా తిన్న మేతకు తగినట్టు ఎదుగుతాయి. మటన్ కొట్టు ముందు నిలబడి ‘కొవ్వు తీసేసి తూకం వెయ్యి’ అని ఎప్పుడైనా బతిమాలినవారికి ఇది ఎంత గొప్ప వార్తో వేరే చెప్పాలా?

శాస్త్రవేత్తలు ఈ లక్షణానికి క్యాలిపైజ్ అని పేరు పెట్టారు. అందమైన పిరుదులు కలది అని గ్రీకులో అర్థం. అది ఆఫ్రొడైటీ దేవతకున్న బిరుదు. ఇటలీలోని నేపుల్స్ మ్యూజియంలో ఆ పేరుతో ఒక పాలరాతి విగ్రహం కూడా ఉంది. దేవత బిరుదును పొట్టేలుకు తగిలించారన్నమాట.

[తెరపై: గొర్రె కడుపు లోపలి బొమ్మ. గడ్డి లోపలికి వెళ్తుంటుంది.]

ఇక్కడ కొంచెం ఆగుదాం. గొర్రెకు కొవ్వు ఎలా పడుతుందో చూడకుండా అది ఎందుకు తగ్గిందో అర్థం కాదు.

మనం అవసరానికి మించి అన్నం తింటే, అందులో కొంత కాలేయంలో కొవ్వుగా మారుతుంది. గొర్రె దారి వేరు. మేసిన గడ్డి రూమెన్ అనే పెద్ద పొట్టలో సూక్ష్మజీవుల చేతిలో పులుస్తుంది. అలా పులిసినప్పుడు పుట్టే ఆమ్లాల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది అసిటేట్. వెనిగర్‌కు ఆ పులుపునిచ్చేది కూడా ఇదే. అసిటేట్ రక్తంలో కలిసి కొవ్వు కణజాలానికి చేరుతుంది. అక్కడి ఎంజైములు ఆ చిన్న ముక్కలను ఒకదానికొకటి తగిలించి పొడవాటి కొవ్వు ఆమ్లాలుగా అల్లుతాయి. అంటే గొర్రె ఒంట్లో కొవ్వు తయారయ్యే చోటు, దాచుకునే చోటు చాలావరకు ఒకటే.

ఆ గిడ్డంగి పెద్దది కావాలంటే కొత్త కొవ్వు కణాలు కావాలి. అవి ఆకాశం నుంచి ఊడిపడవు. ముందుగా ‘కొవ్వు కణం కాబోయే కణాలు’ ఉంటాయి. పీపీఏఆర్ గామా అనే ప్రోటీన్ వాటిని ముందుకు తోస్తుంది. డీఎల్‌కే1 అనే ప్రోటీన్ కాళ్లకు అడ్డం పడుతుంది. అది ఉన్నంతకాలం ఆ కణం పూర్తి కొవ్వు కణంగా మారదు. ఈ సంగతిని 1993లో ఎలుక కణాల్లో కనుగొన్నారు. అప్పట్లో దాన్ని ప్రెఫ్-1 అన్నారు. తర్వాత ఆ జన్యువును తీసేసిన ఎలుకలను పుట్టిస్తే అవి గిడసబారి కూడా ఒళ్లు కొవ్వెక్కాయి. తిట్టు కాదు, అక్షరాలా కొవ్వెక్కాయి.

గొర్రెలో ఈ డీఎల్‌కే1 జన్యువు 18వ క్రోమోజోము మీద ఉంది. ఆ అంకె గుర్తుంచుకోండి.

[తెరపై: ఒక పొట్టేలు, చుట్టూ గొర్రెలు. పిల్లల బొమ్మలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.]

మళ్లీ మందలోకి వద్దాం. బలిసిన పొట్టేలును మామూలు గొర్రెలతో కలిపితే పిల్లల్లో సుమారు సగం తండ్రిలా వచ్చాయి. బడిలో మెండెల్ బఠాణీల పాఠం చదివిన ఎవరైనా వెంటనే చెప్పేస్తారు: ఇది బహిర్గత లక్షణం, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే జన్యువు నకళ్ల (ప్రతుల) జంటలో ఒక్కటి మారినా చాలు.

అయితే తిరగేసి చూద్దాం. తల్లి బలిసినది, తండ్రి మామూలు పొట్టేలు. ఇప్పుడూ సగం రావాలి కదా? ఒక్కటి కూడా రాలేదు.

సరే, తల్లీ తండ్రీ ఇద్దరూ బలిసినవాళ్లే అయితే? రెండు వైపుల నుంచీ మార్పు అందుకున్న పిల్ల ఇంకెంత బలంగా ఉండాలి! ఆ పిల్ల శుభ్రంగా మామూలుగా ఉంది.

[తెరపై నాలుగు గడులు. మూడింటిలో మామూలు గొర్రెపిల్ల. ఒక్కదానిలోనే బలిసినది.]

నాలుగు గడుల్లో వెలిగేది ఒక్కటే: మార్పు తండ్రి నుంచి రావాలి, తల్లి నుంచి మామూలు ప్రతి రావాలి. యూటా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన నోయెల్ కాకెట్, బెల్జియంలోని లియేజ్‌కు చెందిన మిషెల్ జార్జ్, వారి సహచరులు ఈ వింతను 1996లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. మెండెల్ నియమాల్లో దీనికి చోటు లేదు కాబట్టి పోలార్ ఓవర్‌డామినెన్స్ అని కొత్త పేరే పెట్టాల్సి వచ్చింది.

పెంపకందారు కళ్లతో చూస్తే ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. బలిసిన పొట్టేలుకు బలిసిన గొర్రెను జత చేస్తే మేలైన సంతానం వస్తుందనుకోవడం సహజం. లెక్క వేయండి. తండ్రి నుంచి మార్పు రావడానికి సగం అవకాశం, తల్లి నుంచి మామూలు ప్రతి రావడానికి సగం. సగంలో సగం, అంటే నాలుగు పిల్లల్లో ఒక్కటే బలిసినది. మామూలు గొర్రెలతో కలిపి ఉంటే నాలుగింటిలో రెండు వచ్చేవి! మరి పిల్లలన్నీ బలిసినవే కావాలంటే? రెండు ప్రతులూ మారిన పొట్టేలును తెచ్చి మామూలు గొర్రెల మందలో వదలాలి. ఆ పొట్టేలు చూడటానికి ఏ ప్రత్యేకతా లేకుండా సాదాగా ఉంటుంది. సంతలో నిలబెడితే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. పుట్టే ప్రతి పిల్లకూ మాత్రం వస్తాదు తొడలు. పశువును చూపుతోనే అంచనా వేసే అనుభవజ్ఞులకు ఇంతకన్నా అవమానం నాకు తోచడం లేదు.

[తెరపై: రెండు క్రోమోజోములు. ఒకదానిపై నీలి ముద్ర, రెండోదానిపై ఎర్ర ముద్ర.]

ఎందుకిలా? మన ఇంటిపేరు సంగతి ఆలోచించండి. తల్లి వైపు వంశం ఎంత పెద్దదైనా, పేరు ముందు నిలిచేది మామూలుగా తండ్రి ఇంటిపేరే. చాలా జన్యువుల్లో తల్లిదండ్రులిద్దరి ప్రతులూ పలుకుతాయి, అంటే పనిచేస్తాయి. కొన్ని మాత్రం ఇంటిపేరు పద్ధతిలో ఉంటాయి. వాటి మీద ‘నాన్నది’, ‘అమ్మది’ అని రసాయన ముద్ర పడుతుంది. ఆ ముద్రను బట్టి ఒక ప్రతి పలుకుతుంది, రెండోది నోరు మెదపదు. దీన్నే జన్యు ముద్రణ అంటారు.

18వ క్రోమోజోము మీద మన డీఎల్‌కే1, దాని పొరుగున ఉన్న పెగ్11 అనే జన్యువు, రెండూ తండ్రి ప్రతి నుంచే పలుకుతాయి. పక్కనే ఉన్న మరికొన్ని జన్యువులు తల్లి ప్రతి నుంచే పలుకుతాయి. కానీ అవి ప్రోటీన్ తయారుచేయవు, ఉత్త ఆర్ఎన్ఏ ముక్కలనే, అంటే జన్యువు నుంచి రాసుకున్న నకలు ముక్కలనే తయారుచేస్తాయి. ముక్కలే కదా అని తీసిపారేయకండి, కథ తిరిగేది వాటి దగ్గరే.

2002లో అసలు మార్పు దొరికింది. గొర్రె జన్యు గ్రంథంలో సుమారు 260 కోట్ల డీఎన్ఏ అక్షరాలుంటే, ‘ఏ’ ఉండాల్సిన ఒకే ఒక్క చోట ‘జీ’ ఉంది. అంతే. అది కూడా ఏ జన్యువు లోపలా కాదు, జన్యువుల మధ్య ఖాళీ అనుకునే భాగంలో. చాలాకాలం పనికిరాని చెత్త అన్న మాట పడ్డది ఇలాంటి భాగాలే. పుట్టిన కొన్నాళ్లకు కండరాల్లో ఈ జన్యువుల జోరు తగ్గాలి. ఆ అక్షరం మారితే జోరు తగ్గదు. బలుపు పుట్టగానే కాకుండా మూడు నాలుగు వారాల వయసు దాటాక బయటపడేది కూడా అందుకే.

అయితే ఆ అక్షరం తానున్న క్రోమోజోము మీది జన్యువులనే రెచ్చగొట్టగలదు. తండ్రి వైపు ఉంటే డీఎల్‌కే1, పెగ్11 రెచ్చిపోతాయి. కండ పెరుగుతుంది, తిన్నది అటే ఖర్చవుతుంది, కొవ్వు వెనకబడుతుంది. తల్లి వైపు ఉంటే ఆర్ఎన్ఏ ముక్కలు పెరుగుతాయి, పైకేమీ కనిపించదు. రెండు వైపులా ఉంటే? తండ్రి ప్రతి ‘కండ పెంచు’ అని ఆర్ఎన్ఏ రూపంలో ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తుంటుంది. తల్లి ప్రతి నుంచి వచ్చిన సూక్ష్మ ఆర్ఎన్ఏలు ఆ పెగ్11 ఉత్తరాలను చించేస్తుంటాయి. పిల్ల మామూలుగా మిగిలిపోతుంది.

[తెరపై: పెనం మీద మాంసం ముక్క. కత్తి దిగక ఇబ్బంది పడుతున్న చెయ్యి.]

మరి ఇన్నేళ్లయినా ఈ మాంసం దుకాణాలను ఎందుకు ముంచెత్తలేదు? ఎందుకంటే నమలడం కష్టం. పశువును కోశాక కండరంలోని క్యాల్పైన్ అనే ఎంజైము నారలను నెమ్మదిగా కొరికి మాంసాన్ని మెత్తబరుస్తుంది. క్యాల్పాస్టాటిన్ అనేది దానికి కళ్లెం వేస్తుంది. బలిసిన గొర్రెల్లో ఈ కళ్లెం బాగా ఎక్కువ. ఖరీదైన ముక్కగా అమ్ముడుపోవాల్సిన నడుము భాగమే అన్నిటికన్నా గట్టిపడింది. క్యాల్షియం క్లోరైడ్ ద్రావణం ఎక్కించి మెత్తబరచడానికి కూడా ప్రయత్నించారు. మన వంటింట్లో పచ్చి బొప్పాయి ముద్ద పట్టించే ఆలోచన లాంటిదే, కాకపోతే సూదితో. వ్యాపారం మాత్రం నిలబడలేదు. మేలిమి బంగారం పరిశోధనశాలల్లోనే ఎక్కువ విలువ చేసింది.

[తెరపై: మొదటి పొట్టేలు బొమ్మ మళ్లీ.]

ఒక ప్రశ్న మిగిలింది. ఆ ‘జీ’ సాలిడ్ గోల్డ్‌కు ఎక్కడి నుంచి వచ్చింది? దాని డీఎన్ఏను పరీక్షించి 2003లో ఫలితం ప్రకటించారు. దాని ఒంట్లోని కణాలన్నీ ఒకలా లేవు. కొన్నిటిలో మారిన అక్షరం ఉంది, కొన్నిటిలో పాత అక్షరమే ఉంది. అంటే అది తల్లీ ఇవ్వలేదు, తండ్రీ ఇవ్వలేదు. పిండం ఇంకా కొద్దిపాటి కణాల ముద్దగా ఉన్నప్పుడే, వాటిలో ఏదో ఒక కణం విడిపోతూ నకలు రాసుకునేటప్పుడు ఒక అక్షరం తప్పు రాసింది.