బెల్లాజియో గాజుపూల కింద: క్యాసినోలను గీసినవారు, నడిపేవారు

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన మన తల్లిదండ్రుల్లో లాస్ వేగస్ చూసి రానివారు తక్కువ. బెల్లాజియో హోటల్ ఫౌంటెన్ ముందు దిగిన ఫొటో చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అలాంటి క్యాసినోలను, అంటే జూదశాలలున్న హోటళ్లను, ఎవరు గీస్తారు, ఏ ఆలోచనతో గీస్తారు అన్నది ఇవాళ్టి ముచ్చట. హైదరాబాద్‌లో ఇంటీరియర్ డిజైన్ బోధించే మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, క్యాసినోలో గడియారాలు ఉండవు, కిటికీలు ఉండవు అంటారు. నిజమేనా?

అతిథి: చాలాకాలం అదే నడిచింది నాయనా. ఏదో అలవాటు కొద్దీ కాదు, సిద్ధాంతంగా రాసి మరీ పాటించారు. బిల్ ఫ్రీడ్‌మన్ అని ఒకాయన. ఒకప్పుడు తానే జూదానికి బానిస, తర్వాత లాస్ వేగస్‌లో క్యాసినో మేనేజర్. లాస్ వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రంలోని క్యాసినోలను ఏళ్ల తరబడి పరిశీలించి కొన్ని సూత్రాలు తేల్చాడు. పైకప్పు తక్కువ ఎత్తులో ఉండాలి. లోపలికి అడుగు పెట్టగానే యంత్రాలు ఎదురవ్వాలి. నడవాలు మెలికలు తిరగాలి. పెద్ద ఖాళీ జాగా ఎక్కడా కనిపించకూడదు. వేరే అలంకరణ అక్కర్లేదు, జూదపు యంత్రాలే అలంకరణ.

వ్యాఖ్యాత: మనిషి దారి తప్పాలని కోరుకున్నట్టుంది.

అతిథి: దారి తప్పినవాడు ఎదురుగా ఉన్న యంత్రం దగ్గర ఆగుతాడు. లెక్క అదే. పైకప్పు గురించి ఇంకో సంగతి. కెమెరాలు రాకముందు చాలా క్యాసినోల్లో ఆ కప్పు పైన సన్నటి నడకదారులు ఉండేవి. కింది నుంచి చూస్తే అద్దం, పై నుంచి చూస్తే కిటికీ. కాపలా మనుషులు ఆ చీకట్లో తిరుగుతూ కింద పేకలు పంచేవారి చేతులను గమనించేవారు. ఆడేవారికి గానీ, ఆడించేవారికి గానీ ఆ గదిలో గౌరవం లేదు. నాకు ఆ పాత క్యాసినోల మీద కోపం వచ్చేది అక్కడే.

వ్యాఖ్యాత: మరి బెల్లాజియో అలా ఉండదు కదా?

అతిథి: ఉండదు. ఆ మార్పు వెనుక ఇద్దరి పేర్లు చెప్పాలి. అప్పటి యజమాని స్టీవ్ విన్, డిజైనర్ రోజర్ థామస్. థామస్ తండ్రి పారీ థామస్ లాస్ వేగస్‌లో బ్యాంకర్. పెద్ద బ్యాంకులు క్యాసినోలను దగ్గరికి రానివ్వని రోజుల్లో వాటికి అప్పులిచ్చింది ఆయనే. యువకుడిగా ఉన్న విన్‌ను ముందుకు నడిపించిందీ ఆయనే. తండ్రి డబ్బు సమకూర్చాడు, కొడుకు గదులు తీర్చిదిద్దాడు. ఒక ఊరి చరిత్రలో సగం ఆ ఇంట్లోనే ఉందనిపిస్తుంది నాకు.

వ్యాఖ్యాత: అంతకుముందే విన్ కట్టించిన మిరాజ్ అనే హోటల్ ఉండేది కదా, కృత్రిమ అగ్నిపర్వతం ఉన్నది?

అతిథి: అవును, 1989లో తెరిచారు. 2024లో మూసేశారు కూడా. రోడ్డు పక్కనే అగ్నిపర్వతం పేలుతూ ఉండేది. బాటసారిని వీధిలోనే పట్టుకోవడం ఆనాటి ఎత్తుగడ. బెల్లాజియో 1998 అక్టోబరులో వచ్చింది. దాదాపు 160 కోట్ల డాలర్లు పెట్టారు. డ్యూన్స్ అనే పాత హోటల్‌ను 1993లో కూల్చి, ఆ స్థలంలో కట్టారు. ముందు 8 ఎకరాలకు పైగా సరస్సు. ఎడారిలో అన్ని నీళ్లు ఎక్కడివని అందరూ అడుగుతారు. డ్యూన్స్ వారి గోల్ఫ్ మైదానాన్ని తడపడానికి పాతరోజుల్లో వేసిన బావి ఉంది. ఆ నీళ్లే.

వ్యాఖ్యాత: ఫౌంటెన్ చేసింది కూడా విన్ మనుషులేనా?

అతిథి: కాదు, వెట్ అనే సంస్థ. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన మార్క్ ఫుల్లర్ అంతకుముందు డిస్నీలో పనిచేశాడు. 1,200కు పైగా గొట్టాలు ఉంటాయి. కొన్ని పాటకు తగ్గట్టు ఊగుతాయి, కొన్ని బిగించిన గాలి ఒత్తిడితో నీటిని ఒక్కసారిగా పైకి విసురుతాయి. నీరు 140 మీటర్ల వరకు లేస్తుంది. మనం చూసేది ఆ కొద్ది నిమిషాల పాటే. దాన్ని పనిచేయించే సాంకేతిక నిపుణులు డైవింగ్ దుస్తులు వేసుకుని సరస్సులోకి దిగి గొట్టాలు, దీపాలు సరిచేస్తారు. జూదపు హోటల్‌లో గజ ఈతగాళ్ల ఉద్యోగం ఉందంటే మా విద్యార్థులు మొదట నమ్మరు.

వ్యాఖ్యాత: లోపలికి వెళ్లగానే పైకప్పు నిండా గాజుపూలు ఉంటాయి కదా?

అతిథి: అదే నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. డేల్ చిహూలీ చేసింది. దాదాపు 2,000 గాజుపూలు, ఒక్కొక్కటీ ఊది చేసినదే. చిహూలీకి 1976లో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదం జరిగి ఎడమ కంటి చూపు పోయింది. కొన్నేళ్లకు భుజం కూడా దెబ్బతింది. గాజు ఊదే గొట్టాన్ని ఇక స్వయంగా పట్టుకోలేకపోయాడు. అప్పటినుంచి ఆయన బొమ్మ గీసి చెబుతాడు, బృందం కొలిమి దగ్గర నిలబడి చేస్తుంది. విన్‌కు కూడా చూపు క్రమంగా కుంచించుకుపోయే కంటి జబ్బు ఉంది. అలాంటి ఇద్దరూ కలిసి, తల ఎత్తి చూడకుండా ఎవరూ ముందుకు కదలలేని కప్పును తయారుచేశారు. ఫ్రీడ్‌మన్ చెప్పింది ఏమిటి? కప్పు తక్కువగా ఉండాలి, ఎవరూ పైకి చూడకూడదు. ఇక్కడ దానికి పూర్తిగా విరుద్ధం.

వ్యాఖ్యాత: 2005లో వచ్చిన 'విన్ లాస్ వేగస్' అనే హోటల్‌లో ఇంకా మార్చారని చదివాను.

అతిథి: తిరగేశారు. మిరాజ్‌లో వేడుకంతా రోడ్డుకు ఎదురుగా ఉంటే, ఇక్కడ రోడ్డుకు అడ్డంగా చెట్లతో ఒక కృత్రిమ కొండను లేపి, సరస్సును దాని వెనుక దాచారు. చూడాలంటే లోపలికి రావాల్సిందే. 2008లో పక్కనే కట్టిన ఎన్‌కోర్‌లో అయితే థామస్ జూదశాలలోకి పగటి వెలుగునే తీసుకొచ్చాడు. కిటికీలు, తోటలు, సీతాకోకచిలుకల బొమ్మలు. పాతవారు ఇది పిచ్చిపని అనుకునేవారు.

వ్యాఖ్యాత: వెలుతురు వస్తే మనిషికి సమయం తెలుస్తుంది, లేచి వెళ్లిపోతాడు కదా?

అతిథి: అందరూ అలాగే అనుకున్నారు. కెనడాలో కారెన్ ఫిన్లే అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూశారు. ఇరుకు చిక్కుదారి క్యాసినో ఒకవైపు, తోటలా విశాలంగా ఉండే క్యాసినో ఇంకోవైపు. అనుకున్నదానికంటే ఎక్కువ ఆడాలనే కోరిక విశాలమైనదానిలోనే ఎక్కువగా కనిపించింది. సేదతీరిన మనిషి ఇంకాసేపు ఉంటాడు. భయపడినవాడు డబ్బు జేబులో పెట్టుకుని బయటపడతాడు. నేను చెప్పదలచుకున్నది ఇదే. అందం ఆ హోటళ్లలో జూదానికి పూసిన పైపూత కాదు. జూదం నడిచేదే ఆ అందం మీద.

వ్యాఖ్యాత: వింటుంటే మయసభ గుర్తుకొస్తోంది.

అతిథి: మయసభను అందరూ తలుచుకుంటారు. నాకు దాని తర్వాత వచ్చే సభ గుర్తుకొస్తుంది. ధృతరాష్ట్రుడు జూదం కోసమే ప్రత్యేకంగా కట్టించాడు. వేయి స్తంభాలు, నూరు ద్వారాలు. ధర్మరాజుకు వెళ్లిన కబురు ఏమిటి? కొత్త సభ కట్టాం, తమ్ములతో వచ్చి చూడు, సరదాగా పాచికలాడు. ముందు భవనం, తర్వాత ఆట. విదురుడికి ఆ కబురు మోసుకెళ్లడం ఎంత కష్టమైందో ఆ ఘట్టం చదివితే తెలుస్తుంది.

వ్యాఖ్యాత: మేడమ్, యజమానులు, కళాకారులు సరే. మిగతావారి మాట?

అతిథి: అడగకపోతే నేనే చెప్పేదాన్ని. బెల్లాజియోలో గాజుకప్పు కింద పూలతోట ఉంది, ఏడాదికి ఐదుసార్లు మొత్తం మారుస్తారు. అందుకు పెద్ద తోటమాలుల బృందం ఉంటుంది. గదులు శుభ్రం చేసేవారు, వంటవారు, వడ్డించేవారు చాలామంది కలినరీ యూనియన్ అనే కార్మిక సంఘం సభ్యులు. నెవాడాలో ఆ సంఘానికి 60 వేల మంది సభ్యులున్నారు. 1991లో ఫ్రాంటియర్ హోటల్ ముందు మొదలుపెట్టిన సమ్మెను ఆరేళ్లకు పైగా నడిపి గెలిచినవారు వారు. సమ్మె చేసినవారిలో ఒక్కరు కూడా విడిచి లోపలికి వెళ్లలేదు. మా పాఠ్యాంశాల్లో భవనాల గురించి చెబుతాం, ఆ సమ్మె గురించి చెప్పం. అది లోటే.

వ్యాఖ్యాత: డిజైన్‌కూ వారి పనికీ సంబంధం ఏమిటి?

అతిథి: సూటి సంబంధం. డిజైనర్ స్నానాల గది పెద్దది చేసి, మూడు వైపులా అద్దాలు, పాలరాయి పెడతాడు. పరుపు మందం పెంచుతాడు, దిండ్లు రెట్టింపు చేస్తాడు. ఆ అద్దం తుడిచేది, ఆ పరుపు అంచు ఎత్తి దుప్పటి దోపేది ఒక ఆవిడ. నా బల్ల మీద గీసే ఒక్కో గీత ఆమె నడుము మీద పడుతుంది. ఆమె ఒంటరిగా అపరిచితుల గదిలోకి వెళుతుంది కూడా. 2018లో యూనియన్ ఒప్పందాల్లో ఆపద మీట సాధించుకున్నారు, నొక్కితే భద్రతా సిబ్బంది వస్తారు. అదే ఏడాది విన్ మీద తన సంస్థలోని మహిళలు లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఆయన ఖండించాడు, కానీ ఫిబ్రవరిలో పదవి వదిలాడు. మరుసటి ఏడాది నెవాడా నియంత్రణ సంస్థ ఆ కంపెనీకి 2 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆయన కట్టించిన గదుల అందం గురించి ఇంతసేపు మాట్లాడిన నేను ఈ మాట దాటేయలేను.

వ్యాఖ్యాత: మనవారికి దగ్గరగా ఉన్నది సింగపూర్‌లోని మెరీనా బే శాండ్స్ అనే క్యాసినో హోటల్. అక్కడా ఇదే పద్ధతా?

అతిథి: కొంచెం తేడా ఉంది, ఆ తేడా ప్రభుత్వం తెచ్చినది. 2005లో ప్రధాని లీ సియెన్ లూంగ్ క్యాసినోలకు అనుమతి ప్రకటించినప్పుడే షరతులు వచ్చాయి. జూదం ఆడే స్థలం 15,000 చదరపు మీటర్లు మించకూడదన్నది అప్పటి నియమం. ఆ భవన సముదాయంలో అది మూడు శాతం కూడా ఉండదు. ఆర్కిటెక్ట్ మోషే సఫ్దీ 55 అంతస్తుల మూడు బురుజులు నిలిపి, వాటి తలల మీద 340 మీటర్ల పొడవైన తోట పరిచాడు. 2010లో తెరిచారు. అందరూ ఫొటో తీసేది ఆ తోటనూ, పైన ఉన్న ఈతకొలనునూ. క్యాసినో కింద పొట్టి భవనంలో ఉంటుంది, ఏ ఫొటోలోనూ పడదు.

వ్యాఖ్యాత: స్థానికులకు ప్రవేశ రుసుము కూడా ఉందని విన్నాను.

అతిథి: విదేశీయులకు ఉచితం. సింగపూర్ పౌరులకు, శాశ్వత నివాసులకు రోజుకు 100 సింగపూర్ డాలర్లు ఉండేది, 2019లో 150 చేశారు. ఇంట్లో ఎవరైనా మితిమీరి ఆడుతుంటే భార్యగానీ, పిల్లలుగానీ దరఖాస్తు చేసి అతన్ని రానివ్వకుండా ఆపించవచ్చు. తలుపు దగ్గర పెట్టిన ఆ నిబంధనను కూడా నేను డిజైన్ కిందే లెక్కిస్తాను. బిడ్డ చదువు డబ్బును కాపాడే గోడ అది.

వ్యాఖ్యాత: రేపు మీ విద్యార్థికి ఇలాంటి హోటల్‌లో ఉద్యోగం వస్తే వెళ్లమంటారా?

అతిథి: వెళ్లమంటాను. అక్కడ నేర్చుకునేది చాలా ఉంది. అయితే మొదటిరోజు పైకప్పు గురించి కాకుండా రెండు నక్షాలు అడగమంటాను. ఒకటి, సిబ్బంది భోజనశాల ఏ అంతస్తులో ఉంది, అందులో వెలుతురు ఉందా. రెండోది, దుప్పట్ల బండి లిఫ్టు నుంచి ఆఖరి గది వరకు ఎంతదూరం తోసుకుంటూ వెళ్లాలి. ఆ రెండూ చూపించడానికి వెనకాడిన సంస్థలో వారం దాటకుండా రాజీనామా ఇవ్వమని చెబుతాను.