వాన డేట్: గ్లాస్ క్లీనింగ్ బుకింగ్‌లు జారిపోకుండా వేరే తేదీకి ఎలా జరపాలి

[ఓపెనింగ్ షాట్: నార్సింగి వైపు ఒక అపార్ట్‌మెంట్. వెనకాల నల్లగా మబ్బు. కింద బకెట్లు, వైపర్లు, మడిచిపెట్టిన పొడుగు పోల్.]

నమస్తే. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లని పెట్టుకుని హైదరాబాద్‌లో గ్లాస్ క్లీనింగ్ పనులు చేసేవాళ్ల కోసం ఈ వీడియో. ఫ్లాట్లు, విల్లాలు, షోరూమ్‌లు, చిన్న ఆఫీసులు, ఇలాంటివి. పెద్ద టవర్లకి గోండోలా (పైనుంచి వేలాడే తొట్టి) దింపే కంపెనీల లెక్కలు వేరు, వాళ్ల జోలికి పోను.

వాన పడితే బయటి పని ఆపాలని ఎవరైనా చెప్తారు. ఆపిన పనిని మళ్లీ ఏ రోజు ఇరికించాలన్న దగ్గరే తంటా. "వాన తగ్గాక ఫోన్ చేస్తాం మేడమ్" అనేస్తాం. వాన తగ్గుతుంది, మనం వేరే పనుల్లో పడిపోతాం, మేడమ్ ఇంకొకళ్లని పిలిపించుకుంటుంది. అందుకే నేను చెప్పేదొకటే: వానాకాలంలో బుకింగ్ తీసుకునేటప్పుడే రెండు తేదీలు రాసుకోండి. ఒకటి పని డేట్, రెండోది వాన డేట్.

[స్క్రీన్ మీద: బుకింగ్ నోట్‌బుక్ పేజీ. ఒక్కో పేరు ఎదురుగా రెండు గడులు.]

ఫోన్‌లో చెప్పే మాట ఇలా ఉంటుంది: "గురువారం పొద్దున వస్తామమ్మా. ఒకవేళ వాన పడితే శనివారం పొద్దున. ఏదైనా ముందురోజు సాయంత్రం 6 లోపు మేమే మెసేజ్ పెడతాం." బుకింగ్ అప్పుడు ఈ మాట అంటే "సరే బాబూ" అంటారు. అదే మాట గురువారం పొద్దున 8 గంటలకి, వాళ్లు సోఫాలు జరిపేసి, కర్టెన్లు ఊడదీసుకుని కూర్చున్నాక చెప్పి చూడండి. చెవులు మూసుకోవాలి.

మరి శనివారం ఖాళీగా ఉంటేనే కదా ఈ మాట ఇవ్వగలిగేది! జూన్ రెండో వారం నుంచి అక్టోబర్ సగం దాకా వారంలో కొన్ని స్లాట్లు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాలి. నేనైతే ఒక మధ్యాహ్నం, ఒక వారాంతపు పొద్దుట వదిలేయమంటాను. వాన రాకపోతే ఆ టైమ్ వృథా అనుకోవద్దు. కొటేషన్ల కోసం సైట్లు చూసి రావచ్చు, లేదా లోపలి పనులు పెట్టుకోవచ్చు. వారమంతా నింపేసుకున్నవాడు ఒక్క వానకి ఆ వారాన్నీ, తర్వాతి వారాన్నీ పోగొట్టుకుంటాడు.

[గ్రాఫిక్: రెండు మబ్బులు. ఒకదాని కింద "ఏప్రిల్, మే", ఇంకోదాని కింద "జూన్ నుంచి సెప్టెంబర్".]

ఇప్పుడు అసలు సంగతి. మన ఊళ్లో అన్ని వానలూ ఒకేలా కురవవు. కాబట్టి అన్నిటికీ ఒకటే రూల్ పెట్టుకుంటే దెబ్బతింటాం.

ఎండాకాలంలో పొద్దున్నుంచి నేల కాలిపోతుంది. ఆ వేడికి తేమగాలి పైకి లేచి, మధ్యాహ్నం మూడు నాలుగు అయ్యేసరికి మబ్బు కడుతుంది. సాయంత్రానికి ఈదురుగాలి, ఉరుములు, ఒక్కోసారి వడగండ్లు. గంట దంచి వెళ్లిపోతుంది. ఈ వానకి రోజు మార్చక్కర్లేదు, గంట మారిస్తే చాలు. పని పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టి పదకొండుకి దిగిపోండి. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. మేలో మధ్యాహ్నం దాటాక పడమటి వైపు అద్దం మీద చేయి పెట్టలేం. సబ్బునీళ్లు వైపర్ లాగేలోపే ఆరిపోయి చారలు తేలతాయి. పైగా మనం వాడేది బోరు నీళ్లైతే అందులోని సున్నం అక్కడే తెల్ల చుక్కలుగా అతుక్కుంటుంది. మంజీరా నీళ్లు దొరికే ఇళ్లలో ఈ బాధ కాస్త తక్కువ.

వానాకాలం ముసురు ఇంకో రకం. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే రెండు మూడు రోజులు సన్నగా పడుతూనే ఉంటుంది, మధ్యమధ్యలో కుండపోత. ఇక్కడ గంటలు మార్చి లాభం లేదు, ఆ రెండు మూడు రోజుల పనులన్నీ ఒక్కసారే ముసురు తర్వాతకి జరపాలి. మంచి విషయం ఏంటంటే, అల్పపీడనం సంగతి వాతావరణ శాఖ రెండు మూడు రోజుల ముందే చెప్తుంది, ఆ మాట చాలావరకు నమ్మొచ్చు. మే నెల గాలివాన మాత్రం ఏ వీధిలో పడుతుందో ముందురోజు ఎవరూ చెప్పలేరు. దానికి వాతావరణ శాఖ వచ్చే మూడు గంటల కోసం ఇచ్చే నౌకాస్ట్ ఒక్కటే దారి.

వానలు వెళ్లిపోయే అక్టోబర్‌నీ తేలిగ్గా తీసుకోకండి. 2020లో నగరం మునిగింది అక్టోబర్ 13 నాటి వానకి. దసరా, దీపావళి బుకింగ్‌లు ఎగబడేది సరిగ్గా ఆ నెలలోనే. చలికాలంలో పెద్దగా ఏం లేదు. పొద్దున మంచుకి అద్దాలు తడిగా ఉంటాయి, ఎనిమిదిన్నర తర్వాత మొదలుపెడితే సరిపోతుంది.

[స్క్రీన్ మీద: ఫోన్‌లో వాతావరణ శాఖ మౌసమ్ యాప్. పక్కన నాలుగు రంగుల పట్టీ: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు.]

అలర్ట్ చూసేటప్పుడు చాలామంది చూడని సంగతి ఒకటుంది. వాతావరణ శాఖ హెచ్చరికలు జిల్లాల వారీగా వస్తాయి. మనం హైదరాబాద్ అనుకునే ఊరు ఒక్క జిల్లాలో లేదు. మణికొండ, నార్సింగి, కోకాపేట, గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లా. కూకట్‌పల్లి, ఉప్పల్ మేడ్చల్-మల్కాజిగిరి. అమీర్‌పేట, బంజారాహిల్స్ హైదరాబాద్. అమీన్‌పూర్ దాకా వెళ్తే సంగారెడ్డి. హైదరాబాద్ జిల్లాకి ఆకుపచ్చ చూసి కోకాపేటకి బండి కట్టకండి.

రంగుల విషయానికొస్తే, ఎల్లో అంటే ఓ కన్నేసి ఉంచమని. దానికి పని ఆపను, లోపలి అద్దాలు ముందు పెట్టుకుంటాను. ఆరెంజ్ అయితే బయటి పని జరిపేస్తాను. రెడ్ అయితే కుర్రాళ్లని ఇల్లు కదలొద్దంటాను. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. అంత పడితే మన అద్దాల సంగతి అటుంచండి, సైట్‌కి చేరడమే గగనం. 2023 జులైలో ఐటీ ఉద్యోగులని దశలవారీగా లాగ్ అవుట్ చేయించమని సైబరాబాద్ పోలీసులు కంపెనీలకి చెప్పాల్సి వచ్చింది. అందుకే డేట్లు జరిపేటప్పుడు ఏరియా ప్రకారం జరపండి. నార్సింగి, మణికొండ, కోకాపేట ఒక పొద్దుట. ఉప్పల్, నాగోల్ ఇంకో పొద్దుట. ఒక్కొక్కరికి ఒక్కో రోజు ఇచ్చుకుంటూ పోతే ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి తిరగడంతోనే సరిపోతుంది.

[స్క్రీన్ మీద: వాట్సాప్ చాట్. మెసేజ్ ఒక్కో లైన్ కనిపిస్తూ ఉంటుంది.]

ఇక ముందురోజు సాయంత్రం పెట్టే మెసేజ్. ఇది జాగ్రత్తగా చూడండి.

"నమస్తే మేడమ్. రేపు పొద్దున మీ ఇంట్లో గ్లాస్ క్లీనింగ్ ఉంది. రేపటికి ఆరెంజ్ అలర్ట్ ఇచ్చారు. లోపలి అద్దాలు, ట్రాక్‌లు, దోమల మెష్ రేపే చేసేస్తాం. బయటి వైపు మనం అనుకున్నట్టే శనివారం పొద్దున 7కి. అది కుదరకపోతే ఆదివారం 7 కూడా ఖాళీ ఉంది. రెండోసారి వచ్చినందుకు అదనంగా ఏమీ తీసుకోం."

ఇందులో "మీకెప్పుడు వీలవుతుందో చెప్పండి" అన్న మాట లేదు, గమనించారా? ఆ మాట రాస్తే మేడమ్ ఆయన్ని అడుగుతుంది, ఆయన ఆఫీస్ నుంచి వచ్చాక చూద్దాం అంటాడు, అంతలో మీ శనివారం ఇంకొకరికి పోతుంది. రెండు టైమ్‌లు ఇచ్చి ఒకటి ఎంచుకోమనండి. వాట్సాప్ బిజినెస్ క్విక్ రిప్లైలో ఈ మెసేజ్ దాచుకుంటే రోజులు, టైమ్‌లు మార్చి పంపొచ్చు. బ్రాడ్‌కాస్ట్ మాత్రం నమ్ముకోవద్దు. మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకి అది చేరదు. గేటెడ్ కమ్యూనిటీ అయితే కొత్త డేట్‌కి గేట్ పాస్ కూడా మార్పించమని అప్పుడే గుర్తుచేయండి. లేకపోతే ఆదివారం పొద్దున సెక్యూరిటీ దగ్గర అరగంట నిలబడాల్సి వస్తుంది.

ఖాళీ స్లాట్లు తక్కువ, జరగాల్సినవాళ్లు ఎక్కువ అయినప్పుడు ముందు ఎవరికి ఇవ్వాలి? గృహప్రవేశం ఉన్నవాళ్లకి. ఇందులో రెండో మాట లేదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, శ్రావణం రాగానే వరసగా ఉంటాయి, సరిగ్గా ఆ రోజుల్లోనే వానలు. మన డేట్ మారుతుంది గానీ పంతులుగారు పెట్టిన ముహూర్తం మారదు. వాళ్ల పనిని ముహూర్తానికి కనీసం మూడు నాలుగు రోజుల ముందే పెట్టుకోండి, వాన వచ్చినా చోటుంటుంది. వాళ్ల తర్వాత, ఇప్పటికే ఒకసారి వాయిదా పడ్డవాళ్లు. నెలవారీ కాంట్రాక్టు వాళ్లు రోజూ మొహాలు చూసుకునేవాళ్లే కాబట్టి ఓ రెండు రోజులు ఆగుతారు.

ఇంకో రకం కస్టమర్ ఉంటారు. వాన పడట్లేదు, మబ్బు మాత్రమే పట్టింది. "ఇప్పుడు తుడిస్తే మళ్లీ వానకి పాడవుతాయి కదా, వానాకాలం అయ్యాక రండి" అంటారు. నిజానికి వాన నీళ్లలో మరక పెట్టేదేమీ పెద్దగా ఉండదు. మరక వచ్చేది సజ్జ మీద, మెష్‌లో, ఫ్రేమ్ అంచున పేరుకున్న దుమ్ము వల్ల. కొత్త కట్టడాలు లేస్తున్న కోకాపేట లాంటి చోట ఆ దుమ్ములో సిమెంటు కూడా కలుస్తుంది. వాన పడగానే అది కరిగి అద్దం మీద కారుతుంది. సజ్జ కడిగి, మెష్ ఊడదీసి కడిగి, తర్వాత అద్దం తుడిస్తే, వాన పడ్డా పెద్దగా తెలియదు. చేతల్లో చూపించాలంటే ఒక కిటికీకి సజ్జతో సహా కడగండి, పక్క కిటికీకి అద్దం మాత్రం తుడవండి. తర్వాతి వానకి కస్టమరే ఫోటో పంపుతారు.

ఆ ధైర్యంతోనే వాన గ్యారంటీ ఇవ్వొచ్చు. పని అయిన రెండు రోజుల్లో వాన పడి బయటి వైపు మరకలు కనిపిస్తే ఒకసారి ఉచితంగా తుడిచి వెళ్తామని. పోల్‌తో అందే కిటికీల వరకే ఇవ్వండి. తాడు కట్టి దిగాల్సిన చోట ఇస్తే మీ లాభమంతా తాడుకే పోతుంది.

[షాట్: టెర్రస్ మీద తడిసిన పిట్టగోడ. ఒక కుర్రాడు హార్నెస్ బెల్ట్ సరిచూసుకుంటున్నాడు.]

ఇప్పుడు కుర్రాళ్ల సంగతి. నా దృష్టిలో ఈ వీడియోలో ముఖ్యమైన భాగం ఇదే.

టెర్రస్ మీద నుంచి ఫోన్ వస్తుంది: "అన్నా, మబ్బు పట్టింది. తాడుతో దిగమంటవా, ఆగమంటవా?" అడిగేవాడి మనసులో ఆ రోజు కూలి లెక్క ఉంటుంది. పని ఆగితే డబ్బులు రావని తెలిస్తే వాడు దిగడానికే చూస్తాడు. తడిసిన పిట్టగోడ, తడిసిన తాడు, రెండు టవర్ల సందులో గట్టిగా తోసే గాలి, ఇవన్నీ వాడికి మనకంటే బాగా తెలుసు. తెలిసీ దిగుతాడు. కాబట్టి పని మొదలయ్యాక వాన వల్ల ఆగితే ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వండి. ముందురోజే ఆపేస్తే సగమైనా ఇవ్వండి, ఆ సగానికి వైపర్ రబ్బర్లు మార్పించండి, తుడిచే బట్టలు ఉతికించండి, తాళ్లు నీడలో ఆరబెట్టించండి. ఏమీ ఇవ్వకపోతే తెల్లారేసరికి వాడు అడ్డా మీద ఇంకొకరి పనికి వెళ్లిపోతాడు. వాన తగ్గిన రోజు మీ దగ్గర డేట్లుంటాయి, మనుషులుండరు.

ఆపే అధికారం కూడా పైనున్నవాడికే ఇవ్వండి. కింద కుర్చీలో కూర్చుని "ఏం కాదు, దిగు" అనే హక్కు మనకి లేదు. నౌకాస్ట్‌లో ఈదురుగాలులు గంటకి 30 నుంచి 40 కిలోమీటర్లు అని కనిపిస్తే నేను తాడు పని అసలు మొదలుపెట్టను. ఉరుము వినిపిస్తే పోల్ కూడా దించేయాలి. అల్యూమినియంలోంచే కాదు, కార్బన్ ఫైబర్ పోల్‌లోంచి కూడా కరెంటు పారుతుంది. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి, అప్పుడు మళ్లీ పని. దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పిడుగుల సంగతి చెప్తుంది.

[స్క్రీన్ మీద: కొటేషన్ కాగితం. కింది భాగం పెద్దదిగా.]

డబ్బుల దగ్గర మొహమాటం వద్దు, ముందే కాగితం మీద పెట్టేయండి. ఇళ్లకి అయితే వాన వాయిదాకి చార్జీ తీసుకోవద్దు. అడ్వాన్స్ కొత్త డేట్‌కి జరుగుతుంది, రెండుసార్లు వాయిదా పడ్డాక వాళ్లు వద్దంటే మొత్తం వెనక్కి. అదే రోజు యూపీఐలో వేసేయండి. లోపలి పని అప్పటికే అయిపోయి ఉంటే దాని డబ్బు తీసుకుని మిగతాది ఇవ్వండి. అందుకే కొటేషన్‌లో లోపలి వైపు, బయటి వైపు రేట్లు విడివిడిగా రాయాలి.

ఆఫీసులు, షోరూమ్‌లకి ఇంకో లైన్ కావాలి. అక్కడ ఫెసిలిటీ మేనేజర్‌కి ఆదివారం తప్ప కుదరదు, తాడు టీమ్‌ని మనం బయటి నుంచి తెచ్చుకుంటాం, వాళ్లు వచ్చాక ఆగితే వాళ్ల రోజు కూలి మన మీద పడుతుంది. కొటేషన్‌లో ఇలా రాయండి: "పని ఆపాలా వద్దా అన్నది సైట్‌లో ఉన్న మా సూపర్‌వైజర్ నిర్ణయం. తాడు టీమ్ సైట్‌కి చేరాక వాతావరణం వల్ల పని ఆగితే ఆ రోజు టీమ్ కూలి చెరి సగం. కొత్త తేదీ 7 రోజుల లోపు." మేనేజర్ బేరమాడతాడు, ఆడనివ్వండి. కూలి వాటా తగ్గించుకున్నా పర్వాలేదు. మొదటి వాక్యం మీద మాత్రం బేరం ఒప్పుకోవద్దు.