బలవంతం లేని కానుక

శ్రోతలందరికీ నమస్కారం.

క్రైస్తవులు ఇచ్చే కానుకల గురించి మాట ఎత్తగానే చాలామంది ఆలోచన దశమభాగం దగ్గరికి వెళ్తుంది. పదో వంతు ఇవ్వాలా, అక్కర్లేదా? ఇస్తే జీతం మొత్తం మీదా, చేతికి వచ్చినదాని మీదా? ఈ లెక్కల్ని నేను తక్కువ చేయను. నిజాయితీగా లెక్క వేసుకుని ఇచ్చేవాళ్లంటే నాకు గౌరవం. కానీ ఇవ్వడం గురించి కొత్త నిబంధనలో అన్నిటికన్నా వివరంగా రాసినవాడు పౌలు. గ్రీసులోని కొరింథు పట్టణపు క్రైస్తవులకు, అంటే కొరింథీయులకు, రాసిన రెండో పత్రికలో 8, 9 అధ్యాయాలు రెండూ దాని గురించే. ఆ రెండు అధ్యాయాల్లో పదో వంతు అన్న మాట ఒక్కసారి కూడా రాదు. ఆయన అప్పుడు ఒక చందా పోగుచేసే పనిలో ఉన్నాడు. ఈరోజు ఆ చందా సంగతి మీతో చెప్పాలని ఉంది.

మొదటి శతాబ్దం మధ్యకాలం. యెరూషలేములోని క్రైస్తవుల్లో చాలామంది బీదలు. క్లౌదియ చక్రవర్తి పాలించిన రోజుల్లో, అంటే 41, 54 సంవత్సరాల మధ్య, కరువు కూడా వచ్చింది. యెరూషలేము సంఘ పెద్దలు పౌలును కలిసినప్పుడు ఆయన్ని కోరింది ఒక్కటే: బీదలను మరచిపోవద్దని. పౌలు మరచిపోలేదు. గలతీయ, మాసిదోనియ, అకయ ప్రాంతాల్లో తాను స్థాపించిన సంఘాలకు ఈ అవసరం గురించి చెప్పాడు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇవ్వాల్సినవాళ్లలో ఎక్కువమంది యూదులు కారు. పుచ్చుకోబోయేవాళ్లు యూదులు. సున్నతి విషయంలో, కలిసి భోజనానికి కూర్చునే విషయంలో ఈ ఇరువర్గాల మధ్య అప్పటికే గట్టి వాదాలు నడిచాయి. సముద్రం అవతల, ముఖం ఎరగని మనుషుల కోసం, తమను పూర్తిగా తమవాళ్లుగా ఒప్పుకుంటారో లేదో తెలియనివాళ్ల కోసం ఈ సంఘాలు జేబు విప్పాలి.

మొదట ఆయన కొరింథువాళ్లకు ఒక పద్ధతి చెప్పాడు. వారం మొదటి రోజున ప్రతి ఒక్కరూ తాము వర్ధిల్లిన కొద్దీ కొంత తమ దగ్గరే తీసి ఉంచుకోవాలి. నేను వచ్చాక చందాలు పోగుచేయడం వద్దు అన్నాడు. ఈ రెండో మాట నాకు చాలా ఇష్టం. పౌలు ఎదురుగా నిలబడి అడిగితే ఇంకా ఎక్కువే వచ్చేది. పెద్దాయన వచ్చాడు, పక్కవాడు ఇచ్చాడు, మనం ఇవ్వకపోతే ఏం బాగుంటుంది అన్న మొహమాటంతో చేతులు కదిలేవి. ఆయన ఆ మొహమాటానికి చోటు లేకుండా చేశాడు. వారం వారం, ఇంట్లో, ఎవరూ చూడనప్పుడు, స్థిమితంగా ఆలోచించుకుని పక్కన పెట్టిన డబ్బే ఆయనకు కావాలి.

కొరింథువాళ్లు ఉత్సాహంగా ఒప్పుకున్నారు. ఏడాది గడిచింది. పని పూర్తి కాలేదు. మాట ఇచ్చినప్పుడు ఉన్న వేడి మనలో ఎంతమందికి ఏడాది తర్వాత ఉంటుంది? పౌలు కోప్పడలేదు. మాసిదోనియలో జరిగింది వాళ్లకు రాశాడు.

మాసిదోనియ సంఘాలు అప్పుడు శ్రమల్లో ఉన్నాయి. వాళ్లది నిరుపేదతనం అని పౌలే అంటాడు. అలాంటివాళ్లు తమ శక్తికి మించి ఇచ్చారు. పైగా, పరిశుద్ధులకు, అంటే యెరూషలేములోని విశ్వాసులకు, చేసే ఈ సహాయంలో మాకూ పాలు ఇవ్వండి అని ఆయన్ని బతిమాలుకున్నారు. ఇచ్చేవాళ్లు బతిమాలడం! బహుశా వాళ్ల పరిస్థితి చూసి అడగడానికే పౌలుకు మనసు రాలేదేమో. వాళ్లు అలా ఎలా ఇవ్వగలిగారో ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు: వాళ్లు “మొదట ప్రభువునకును, దేవుని చిత్తమువలన మాకును, తమ్మును తామే అప్పగించుకొనిరి.” ముందు మనుషులు తమను తాము ఇచ్చేసుకున్నారు. డబ్బు ఆ తర్వాతి సంగతి. తనను తాను ఇచ్చుకోని మనిషికి పది రూపాయలు తీయడం కూడా కష్టంగానే ఉంటుంది, తీసినా చాలాకాలం గుర్తుపెట్టుకుంటాడు.

ఇంతా చెప్పి పౌలు ఏమన్నాడో చూడండి. ఇది ఆజ్ఞగా చెప్పడం లేదన్నాడు. ఆయన అపొస్తలుడు, అంటే క్రీస్తు పంపిన ప్రతినిధి. ఆజ్ఞాపించే అధికారం ఉంది. అయినా “సణుగుకొనకయు బలవంతముగా కాకయు ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను” అని రాశాడు. ఆజ్ఞకు బదులు ఒక మనిషిని వాళ్ల కళ్ల ముందు నిలబెట్టాడు. యేసు క్రీస్తు “ధనవంతుడై యుండియు మీరు తన దారిద్ర్యమువలన ధనవంతులు కావలెనని, మీ నిమిత్తము దరిద్రుడాయెను.” క్రైస్తవ విశ్వాసంలో త్యాగమంతా ఈ మాట నుంచి మొదలవుతుంది. దేవుణ్ణి మెప్పించడానికి విశ్వాసి ఇవ్వడు. దేవుడు ముందే ఇచ్చాడు, అది తెలిసిన మనిషి చేతులు ముడుచుకుని ఉండలేడు. సిలువ గురించి యేసు చెప్పిన మాట కూడా ఇలాంటిదే: నా ప్రాణాన్ని ఎవడూ నా దగ్గరనుంచి తీసుకోవడం లేదు, నా అంతట నేనే పెడుతున్నాను అన్నాడు. బలవంతం అక్కడ లేదు. అందుకే దాని నుంచి పుట్టిన కానుకలోనూ బలవంతం ఉండకూడదు.

ఇక్కడ ఒక బాధాకరమైన విషయం చెప్పక తప్పదు. ఇంత ఇస్తే దేవుడు దానికి ఎన్నో రెట్లు తిరిగి ఇస్తాడు, అప్పులు తీరతాయి, జబ్బులు పోతాయి అని చెప్పి కానుకలు రాబట్టే బోధ ఉంది. దానికి ఆధారంగా పౌలు ఇదే పత్రికలో రాసిన మాట చూపిస్తారు: సమృద్ధిగా విత్తేవాడు సమృద్ధిగా కోస్తాడు. దయచేసి ఆ తర్వాతి వచనాలు కూడా చదవండి. దేవుడు సమృద్ధి ఇచ్చేది ప్రతి మంచి పనీ చేయడానికి, మళ్లీ ధారాళంగా ఇవ్వడానికి అని అక్కడే ఉంది. లాభం కోసం పెట్టిన డబ్బు పెట్టుబడి అవుతుంది. దాన్ని కానుక అనడం, రోగంతోనో అప్పుతోనో నలిగిపోతున్న మనిషికి ఆ ఆశ చూపించడం చాలా క్రూరమైన పని అని నేను నమ్ముతాను.

పౌలు త్యాగానికి హద్దు కూడా గీశాడు. మనిషి ఇచ్చేది తనకు ఉన్నదాన్ని బట్టి దేవునికి ఇష్టమవుతుంది, లేనిదాన్ని బట్టి కాదు అన్నాడు. ఇతరులకు తేలిక కావాలి, మీకు భారం కావాలి అన్నది తన ఉద్దేశం కాదని స్పష్టంగా రాశాడు. ఆయన కోరింది సమానత్వం. ఇప్పుడు మీ సమృద్ధి వాళ్ల అవసరానికి, రేపు వాళ్ల సమృద్ధి మీ అవసరానికి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసినప్పుడు ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి తక్కువ కాలేదు అన్న నిర్గమకాండపు మాటను గుర్తుచేశాడు. యేసు కూడా తల్లిదండ్రులకు చేయాల్సిన సహాయాన్ని ‘కొర్బాను’ అని, అంటే దేవార్పితమని చెప్పి తప్పించుకునేవాళ్లను గట్టిగా మందలించాడు. పిల్లల ఫీజు ఎగ్గొట్టి, ఇంట్లోవాళ్లకు చెప్పకుండా అప్పు చేసి వేసే కానుకను ఆయన కోరలేదు.

మరి బీద విధవరాలి మాటేమిటి అని మీరు అడగవచ్చు. ఆమె తన జీవనమంతా వేసేసింది కదా! అవును. మార్కు సువార్త 12వ అధ్యాయంలో ఆమె దేవాలయంలోని కానుకపెట్టెలో రెండు కాసులు వేసింది, అందరికన్నా ఎక్కువ వేసిందని యేసు ఆమెను మెచ్చుకున్నాడు. అయితే ఆ కథకు సరిగ్గా ముందున్న వచనాన్ని మనం దాటేస్తుంటాం. విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి, అంటే ధర్మశాస్త్రం బోధించే పండితుల గురించి, జాగ్రత్త అని ఆయన అప్పుడే హెచ్చరించాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆమెను ఎవరూ అడగలేదు. ఎవరూ బెదిరించలేదు, ఏమీ ఆశ చూపలేదు. చేతిలో ఉన్నవి రెండు, ఒకటి ఉంచుకున్నా ఎవరూ తప్పుపట్టరు. రెండూ వేసింది. ఆ నిర్ణయం పూర్తిగా ఆమెది. ఆ కథను చూపించి పేదవాళ్ల మీద ప్రెషర్ పెట్టేవాళ్లు విధవరాలి పక్షాన ఉన్నారో, శాస్త్రుల పక్షాన ఉన్నారో ఆలోచించుకోవాలి.

అననీయ, సప్పీరాల కథను కూడా భయపెట్టడానికి వాడుతుంటారు. తొలి సంఘంలోని ఈ భార్యాభర్తలు పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, మొత్తం తెచ్చినట్టు నటించారు, అక్కడికక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. యేసు శిష్యుడైన పేతురు అడిగింది వినండి: అమ్మకముందు అది నీదే కదా, అమ్మాక కూడా డబ్బు నీ వశంలోనే ఉంది కదా! అంటే, సగమే ఇస్తాను అని చెప్పి సగం ఇచ్చి ఉంటే పేతురుకు అభ్యంతరం లేదు. అబద్ధమే వాళ్ల పాపం. త్యాగం చేయకుండా త్యాగి అనిపించుకోవాలనుకున్నారు.

పుచ్చుకునేవాళ్ల బాధ్యత గురించి కూడా పౌలు మాట్లాడాడు. ఇది మనం తక్కువగా వినే భాగం. చందా తీసుకువెళ్లే పని ఆయన ఒక్కడే చూసుకోలేదు. తన సహచరుడు తీతుతో పాటు, సంఘాల్లో మంచి పేరున్న మరో ఇద్దరు సహోదరుల్ని పంపాడు. వాళ్లలో ఒకరిని సంఘాలే ఏర్పరచుకున్నాయి. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ మా మీద తప్పు మోపకూడదు, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా మేము సవ్యంగా ఉండాలి అన్నాడు. అపొస్తలుడైన పౌలే తనను లెక్క అడగవచ్చని ఒప్పుకున్నాడు. దేవుని సేవకుణ్ణి లెక్క అడగకూడదు అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఈ పద్ధతి మొదటి శతాబ్దంతో ఆగిపోలేదు. రెండో శతాబ్దం మధ్యలో రోము నగరంలో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవుడు తమ ఆదివారపు ఆరాధన ఎలా జరుగుతుందో చక్రవర్తికి రాశాడు. ఉన్నవాళ్లు, ఇష్టమైనవాళ్లు, తమకు తోచినంత ఇస్తారని, ఆ డబ్బు అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు చేరుతుందని అందులో ఉంది. నాలుగో శతాబ్దంలో జూలియన్ చక్రవర్తి క్రైస్తవులను వ్యతిరేకించినవాడే. అయినా వీళ్లు తమ పేదలనే కాదు, మన పేదలను కూడా పోషిస్తున్నారని తన పూజారికి రాసిన ఉత్తరంలో వాపోయాడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ వెస్లీకి ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28 పౌండ్లతో బతికి 2 ఇచ్చాడు. 60 వచ్చినప్పుడూ 28తోనే బతికి 32 ఇచ్చాడు. ఆదాయం పెరిగినా ఖర్చును పెరగనివ్వలేదు.

హవాయి దీవుల్లో మొలొకాయ్ అనే చోట కుష్ఠురోగులను వేరుగా ఉంచేవారు. అక్కడ ఉండి సేవ చేయడమంటే ప్రాణాన్ని పణంగా పెట్టడమే. అందుకే అక్కడి బిషప్ ఎవరినీ పొమ్మని ఆజ్ఞాపించలేదు. ఇష్టపడి ముందుకొచ్చిన గురువుల్లో మొదట వెళ్లినవాడు డేమియన్. 1873లో వెళ్లాడు. వాళ్ల పుండ్లు కడిగాడు, ఇళ్లు కట్టాడు, చనిపోయినవాళ్లకు సమాధులు తవ్వాడు. ఆ వ్యాధే సోకి 1889లో అక్కడే కన్నుమూశాడు. మాసిదోనియవాళ్ల గురించి పౌలు రాసిన మాట, తమ్మును తామే అప్పగించుకొనిరి అన్నది, ఇలాంటి జీవితాన్ని చూసినప్పుడే నాకు పూర్తిగా అర్థమవుతుంది.

ఇంతకీ పౌలు చందా ఏమైంది? కొరింథువాళ్లు చివరికి మాట నిలబెట్టుకున్నారు. రోమీయులకు రాసిన పత్రికలో మాసిదోనియవాళ్లు, అకయవాళ్లు ఇష్టపడి చందా వేశారని పౌలు చెప్పాడు. కొరింథు అకయలోదే. అదే పత్రికలో, యెరూషలేములో నాకు ఆపద రాకుండా, ఈ సహాయాన్ని అక్కడివాళ్లు ప్రీతితో అంగీకరించేలా ప్రార్థించండి అని వేడుకున్నాడు. వెళ్తే ప్రమాదమని ఆయనకు తెలుసు. వెళ్లాడు. వెంట వెళ్లినవాళ్లలో ఎఫెసువాడైన త్రోఫిము ఒకడు. యూదుడు కాని అతణ్ణి పౌలు దేవాలయంలోకి తీసుకొచ్చాడని అనుకుని జనం అల్లరి చేశారు, పౌలును పట్టుకుని కొట్టారు. రోమా సైనికులు ఆయన్ని విడిపించి సంకెళ్లు వేశారు. తర్వాత కైసరయకు తరలించారు.

అక్కడ రోమా అధిపతి ఫేలిక్సు ముందు పౌలు, నా స్వజనులకు దానధర్మాలు తేవడానికి వచ్చాను అని చెప్పుకున్నాడు. ఫేలిక్సు ఆయన్ని మాటిమాటికీ పిలిపించి మాట్లాడేవాడు. ఎందుకో, ఈ సంగతులన్నీ అపొస్తలుల కార్యముల్లో రాసిన లూకా దాచకుండా చెప్పాడు: పౌలు తనకు డబ్బు ఇస్తాడని ఆశపడ్డాడట. స్నేహితులు వచ్చి పౌలుకు ఉపచారం చేయడానికి అనుమతి ఉంది. అడిగితే వాళ్లు ఎలాగో సర్దేవారే. పౌలు ఇవ్వలేదు. బీదల కోసం సంఘాల చుట్టూ తిరిగి, ఒక్కరి మీదా బలవంతం పెట్టకుండా డబ్బు పోగుచేసిన మనిషి, తన విడుదల కోసం లంచం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. రెండేళ్లు అలాగే గడిచాయి.

పౌలు చెరలో ఉండగా ఫిలిప్పీ సంఘం ఆయనకు కానుక పంపింది. ఫిలిప్పీ మాసిదోనియలోని పట్టణమే. ఆ కానుక తెచ్చిన ఎపఫ్రొదితు దారిలోనో, వచ్చాకో జబ్బుపడి చావుకు దగ్గరయ్యాడు. కానుక అందుకున్నాక పౌలు ఫిలిప్పీవాళ్లకు రాశాడు: నేను మీ కానుకను కోరి ఇలా చెప్పడం లేదు, మీ లెక్కకు చేరే ఫలాన్ని కోరుతున్నాను. మీరు పంపింది దేవునికి ఇష్టమైన, మనోహరమైన సువాసన అని కూడా అన్నాడు. ఈసారి ఆ నిరుపేద సంఘాన్ని ఎవరూ అడగలేదు.

నమస్కారం.