‘బీచ్’ నామవాచకమా, క్రియా?

[దృశ్యం: విశాఖ తెన్నేటి పార్క్ కింద తీరం. వక్త కెమెరా వైపు తిరిగి]

నమస్కారం అండి. 2020 అక్టోబరులో గాలివాన దెబ్బకి ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ ఇక్కడికే కొట్టుకొచ్చి నిలిచిపోయింది. ఆ సంగతిని ఇంగ్లిష్‌లో ‘ద విండ్ బీచ్‌డ్ ద షిప్’ అనొచ్చు. బీచ్ అంటే సముద్రతీరం కదా, మరి దానికి భూతకాలం ఎలా వచ్చింది?

[తెర మీద: వియ్ వెంట్ టు ద బీచ్ / ద విండ్ బీచ్‌డ్ ద షిప్ / బీచ్ రోడ్]

మొదటి వాక్యంలో మాట ముందు ‘ద’ ఉంది, కాబట్టి నామవాచకం. రెండోదాంట్లో కర్తకీ కర్మకీ మధ్యలో ఉంది, క్రియ. ‘బీచ్ రోడ్’లో అది ఏ రోడ్డో చెబుతోంది, అంటే విశేషణం చేసే పని చేస్తోంది.

కానీ పని చేసినంత మాత్రాన విశేషణం అయిపోదు. ముందు ‘వెరీ’ పెట్టి చూడండి. ‘వెరీ బీచ్ రోడ్’ అని ఎవరూ అనరు. ఫిషింగ్ హార్బర్ దగ్గర అమ్మే ఎండు చేపల్ని ‘వెరీ డ్రై ఫిష్’ అంటే మాత్రం చక్కగా కుదురుతుంది. డ్రై అసలైన విశేషణం. ‘దే డ్రై ద ఫిష్’ అన్నప్పుడు అదే మాట క్రియ.

[దృశ్యం: తెల్లబోర్డు]

ఇలా ఎందుకైందో చూద్దాం, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. పాత ఇంగ్లిష్‌లో ప్రేమకి ‘లుఫు’, ప్రేమించడానికి ‘లుఫియన్’ అని వేరువేరు రూపాలుండేవి. వందల ఏళ్లలో ఆ చివరలు అరిగిపోయి రెండూ ‘లవ్’ అయ్యాయి. ఇక ఏది ఏమిటో చెప్పే భారం చాలావరకు వాక్యంలోని స్థానం మీద పడింది. మనకి ఆ ఇబ్బంది లేదు. ‘గాలి ఓడని తోసింది’ అన్నా, ‘ఓడని గాలి తోసింది’ అన్నా ఒకటే, ఆ ‘ని’ కాపాడుతుంది. ఇంగ్లిష్‌లో అలా తారుమారు చేస్తే ఓడే గాలిని తోసినట్టవుతుంది!

ఇంగ్లిష్ మాటని మనం క్రియగా వాడుకోవాలంటే ‘చేయు’ తగిలిస్తాం: బుక్ చేశా, పార్క్ చేశా, గూగుల్ చేశా. ఆ అలవాటుతోనే పిల్లలు ‘బైక్ పార్క్ చేశా’ అన్నట్టుగా ‘ఐ డిడ్ పార్కింగ్ ద బైక్’ అంటారు. దయచేసి వాళ్లని వెక్కిరించకండి. తెలుగు వ్యాకరణాన్ని సరిగ్గా పాటించే పిల్లలే అలా అంటారు. ‘ఐ పార్క్‌డ్ ద బైక్’ చాలని, ఆ మాటే క్రియ అని చెప్పండి. గూగుల్ కూడా అంతే. కంపెనీ పేరుగా మొదలై, 2006లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి క్రియగా ఎక్కింది.

కొన్నిటిని చెవితోనూ పట్టుకోవచ్చు. ‘రికార్డ్’ నామవాచకమైతే మొదటి అక్షరాన్ని ఒత్తి పలుకుతారు, క్రియ అయితే రెండో దాన్ని. ‘ప్రెజెంట్’ కూడా అంతే. రెండూ పలికి వినిపిస్తాను, నాతోపాటు అనండి.

[ధ్వని: రెండు మాటలు, ఒక్కొక్కటి రెండు రకాలుగా, నెమ్మదిగా]