స్కూల్ కారులో వచ్చిన డ్రైవింగ్ సొంత కారులో ఎందుకు రావట్లేదు?

నమస్తే అండి. ఇవాళ వీడియో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచే చేస్తున్నాను. ఇది మా ఇంటి కారు, పాత వ్యాగన్ఆర్, పెట్రోల్. ఎదురుగా కనపడుతోంది కదా, ఆ ర్యాంప్ చూడండి. నేను డ్రైవింగ్ స్కూల్లో కోర్సు మొత్తం పూర్తి చేసి, చివరి రోజు మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో కూడా తిప్పి వచ్చి, మర్నాడు పొద్దున్నే ధైర్యంగా ఈ కారు తీస్తే, ఆ ర్యాంప్ మధ్యలో మూడుసార్లు ఆఫ్ అయిపోయింది. నాలుగోసారి వెనక్కి జారింది. పిల్లర్‌కి జానెడు దూరంలో హ్యాండ్ బ్రేక్ అందింది. ఆ తర్వాత రెండు నెలలు తాళం ముట్టుకోలేదు, నాకిక రాదులే అనుకున్నాను. మీలో చాలామంది ఇదే పరిస్థితిలో ఉన్నారని కామెంట్లు చూస్తే తెలుస్తోంది, అందుకే ఈ వీడియో.

ముందు మనం నేర్చుకునే కారు సంగతి చూద్దాం. మన నాన్నల తరంలో చాలామంది మారుతి 800 మీద నేర్చుకున్నారు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి అది. ఆ తర్వాత ఆ పని ఆల్టో, వ్యాగన్ఆర్, స్విఫ్ట్ లాంటివి చేస్తున్నాయి. చిన్న కార్లు, సందులో కూడా తిరుగుతాయి, స్పేర్ పార్టులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, గీత పడినా పెద్ద ఖర్చు ఉండదు. నేర్చుకోవడానికి ఇలాంటి చిన్న కారే మంచిదని నా అభిప్రాయం కూడా. మొదటిసారి కూర్చున్నవాళ్లకి ఎడమవైపు కారు ఎక్కడిదాకా ఉందో అస్సలు తెలియదు, కారు ఎంత చిన్నదైతే ఆ అంచనా అంత తొందరగా వస్తుంది.

అయితే స్కూల్ కారులో మన ఇంటి కారులో లేనిది ఒకటి ఉంటుంది. డబుల్ కంట్రోల్. నేర్పే సార్ కూర్చునే ఎడమ సీటు ముందు ఇంకో క్లచ్, ఇంకో బ్రేక్ ఉంటాయి, వాటిని మన పెడల్స్‌కి రాడ్డుతోనో కేబుల్‌తోనో కలుపుతారు. స్కూల్ కారుకి ఇది ఉండాలని రూల్ కూడా ఉంది. ఉండాల్సిందే, అది ప్రాణాలు కాపాడేది. నా బాధ దాన్ని వాడే పద్ధతి గురించి.

నాకు ఎనిమిదో రోజో, తొమ్మిదో రోజో తెలిసింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర నేనింకా కాలు పెట్టకముందే నా చెప్పు కింద క్లచ్ పెడల్ దానంతట అదే కిందికి వెళ్లింది. ఇటు తిరిగి చూస్తే సార్ ఫోన్‌లో మాట్లాడుతూ కాలితో తొక్కుతున్నారు. అంటే అప్పటిదాకా నేను బాగా నడుపుతున్నానని అనుకున్న రోజుల్లో సగం నడిపింది ఆయనే. ఆయన చెడ్డవారని కాదు అండి, రోజుకి పది పన్నెండు మందికి నేర్పేవాళ్లకి అది అలవాటైపోతుంది, బండి ఆఫ్ అయితే వెనక హారన్లు మోగుతాయి, టైమ్ పోతుంది. కానీ ఫీజు కట్టింది మనం, రేపు ఒంటరిగా నడపాల్సింది మనం.

కాబట్టి మొదటి వారం అయ్యాక సార్‌ని మర్యాదగా, గట్టిగా అడగండి: "సార్, ఈరోజు ప్రమాదం అనుకుంటే తప్ప మీరు పెడల్స్ మీద కాలు పెట్టొద్దు, ఆఫ్ అయితే అవనివ్వండి, నేనే స్టార్ట్ చేసుకుంటాను." ఈ ఒక్క మాట నేను మొదట్లోనే అడిగి ఉంటే ఆ రెండు నెలలు పోయేవి కావు. ఇంకోటి, గంటల లెక్క రాసుకోండి. రూల్ ప్రకారం కోర్సు కనీసం 21 రోజులు ఉండాలి, అందులో మీ చేత్తో నడిపింది కనీసం 10 గంటలు ఉండాలి. ముగ్గురిని ఎక్కించుకుని తలా పావుగంట ఇస్తే పది గంటలు ఎప్పటికి అవుతాయో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు క్లచ్. స్కూల్ కారు క్లచ్ మీద ఎంతమంది కాళ్లు పడి ఉంటాయో ఆలోచించండి. అందరూ కొత్తవాళ్లే, అందరూ హాఫ్ క్లచ్‌లోనే, అంటే పెడల్ సగం తొక్కి పెట్టే నడుపుతారు, ఇంజను బలాన్ని చక్రాలకి అందించే క్లచ్ ప్లేట్ అరిగిపోతుంది. అరిగిన ప్లేట్ పెడల్ బాగా పైకి వచ్చాక గానీ పట్టుకోదు. మన కాలు దానికే అలవాటు పడుతుంది, అంటే సగం దాకా చకచకా వదిలేసి పైన మాత్రం నెమ్మదిగా వదలడం. ఇంటి కారులో ప్లేట్ బాగుంటే ఇంకా కిందే పట్టేస్తుంది. మనం పాత అలవాటుతో ఆ చోటు దాటించి ఒక్కసారిగా వదిలేస్తాం, బండి ఒక జర్క్ ఇచ్చి ఆఫ్. నాకు ర్యాంప్ మీద జరిగింది ఇదే. డీజిల్ కారు మీద నేర్చుకుని పెట్రోల్ కారుకి మారినవాళ్లకి ఇంకో తేడా ఉంటుంది. డీజిల్‌కి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే లాగే బలం ఎక్కువ, యాక్సిలరేటర్ ఇవ్వకపోయినా కదులుతుంది. చిన్న పెట్రోల్ ఇంజను ఎత్తు మీద అలా కదలదు.

సరే, ఇప్పుడు చేసి చూద్దాం. డ్రైవర్ సీట్లో మా అక్క, అంటే మా తోటికోడలు కూర్చుంది. ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకి ఇచ్చే లైసెన్సు, వచ్చి నెల దాటింది. కారుకి ముందూ వెనకా ఎల్ బోర్డు పెట్టాం, తెల్లటి చతురస్రం మీద ఎర్ర ఎల్, ఒక్కో వైపు 18 సెంటీమీటర్లు ఉండాలి. పక్క సీట్లో లైసెన్సు ఉన్న నేను. ఇది లేకుండా తీయొద్దు. ఇంటి కారులో నా దగ్గర బ్రేక్ పెడల్ లేదు, మధ్యలో ఉన్న ఈ హ్యాండ్ బ్రేక్ ఒక్కటే. అందుకే నా కుడి చెయ్యి ఎప్పుడూ దీని మీదే ఉంటుంది, చూడండి.

ముందు చదునైన చోట. ఫస్ట్ గేర్, యాక్సిలరేటర్ మీద కాలు లేదు, బ్రేక్ వదిలెయ్ అక్కా. ఇప్పుడు క్లచ్ నెమ్మదిగా, గోరంత గోరంత పైకి రానివ్వు. ఇంజను శబ్దం కొంచెం మందంగా మారింది, వినపడిందా? సీటు కింద సన్నగా వణుకు వచ్చింది కదా? ఆపు, కాలు అక్కడే ఉంచు. ఇదే బైటింగ్ పాయింట్, అంటే క్లచ్ పట్టుకునే చోటు. చూడండి, బండి చీమలా కదులుతోంది. మళ్లీ తొక్కు, బ్రేక్ వెయ్యి. ఇలా పదిసార్లు చేయండి, అసలు వేరే ఏమీ చేయకుండా. కాలిన వాసన వస్తే క్లచ్ ప్లేట్ వేడెక్కిందని అర్థం, ఐదు నిమిషాలు ఆగండి. పట్టీ లేని చెప్పులు వద్దు, మడమ జారుతుంది. చున్నీ, చీర కొంగు సరిగ్గా సర్దుకోండి.

రివర్స్ గేర్ ఎక్కడుందో కూడా బండి ఆపి ఉన్నప్పుడే చూసుకోండి. కొన్ని కార్లలో కుడివైపు కింద ఉంటుంది, కొన్నిటిలో ఎడమవైపు పైన, రాడ్డుకి ఉన్న రింగు లాగితేనే పడుతుంది.

"ఆటోమేటిక్ మీదే నేర్చుకోవచ్చా?" అని అడుగుతున్నారు. ఇంట్లో ఉన్నది అదే అయితే హాయిగా నేర్చుకోండి. గేర్ల కారుకైనా ఆటోమేటిక్‌కైనా లైసెన్సులో ఎల్‌ఎమ్‌వీ, అంటే తేలికపాటి వాహనం, ఒకటే. కానీ ఆటోమేటిక్‌లో క్లచ్ పెడల్ ఉండదు, చాలావాటిలో బ్రేక్ వదలగానే బండి కదులుతుంది, ఎడమ కాలు పక్కన పెట్టేసి కుడి కాలితోనే బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ తొక్కాలి. ఇంట్లో గేర్ల కారు ఉంటే మాత్రం దాని మీదే నేర్చుకోండి, తర్వాత ఏది దొరికినా నడపగలరు.

ఇక ర్యాంప్. వెనక ఎవరూ లేరు, వాచ్‌మన్ అన్న పైన నిలబడి చూస్తున్నాడు. అక్కా, మధ్యలో ఆపు. హ్యాండ్ బ్రేక్ లాగు, ఇప్పుడు బ్రేక్ మీద నుంచి కాలు తియ్యి. చూడు, జారట్లేదు. ఫస్ట్ గేర్. యాక్సిలరేటర్ కొంచెం, ఇంజను గట్టిగా వినపడేంత. క్లచ్ రానివ్వు... ఇంకొంచెం... బానెట్ పైకి లేచింది చూశావా? కాళ్లు రెండూ అక్కడే. భయపడకు, నా చెయ్యి ఇక్కడే ఉంది. ఇప్పుడు హ్యాండ్ బ్రేక్ దించు.

వెళ్తోంది. వెళ్తోంది అక్కా, యాక్సిలరేటర్ ఇంకాస్త ఇవ్వు, గేటు దాకా పోనివ్వు.