కొత్త కారులో టిక్కు టిక్కు

శ్రోతలకు నమస్కారం.

కొత్త కారు ఇంటికొచ్చిన రెండో వారంలో మా అమ్మ వెనక సీట్లోంచి అడిగింది, "ఒరేయ్, ఆ టిక్కు టిక్కు ఏంట్రా?" అని. నాకేమీ వినబడలేదు. "ఏ టిక్కూ లేదమ్మా" అన్నాను. ఆ మాట అన్నానో లేదో, నాకూ వినబడటం మొదలైంది. గతుకు తగిలితే చాలు, గోటితో ప్లాస్టిక్ డబ్బా మీద కొట్టినట్టు ఒక్క టిక్కు. కుడి పక్కనుంచా, వెనకనుంచా, తేలదు. మా పాత కారుకి పదకొండేళ్లు. హారన్ తప్ప అన్నీ మోగేవన్న పాత జోకు మా బండిని చూసే పుట్టిందనేది మా ఆవిడ. అంత మోతలోనూ నేను హాయిగా నడిపేవాణ్ణి. కొత్త కారులో ఒక్క టిక్కు మాత్రం రాత్రి పడుకున్నాక కూడా చెవిలో ఉండిపోయింది.

కొత్త కారు కొన్నవాళ్లు చెప్పుకునే ఫిర్యాదుల్లో చాలా వరకు ఈ జాతివే. బండి ఆగిపోదు, ప్రమాదమూ ఉండదు. కానీ అంత డబ్బు పోసి కొన్నాక ఇదేంటి అని మనసు పీకుతూ ఉంటుంది. ఇవాళ మాట్లాడుకునేది వాటి గురించే. ఎర్ర హెచ్చరిక దీపం, పెట్రోలు వాసన, కాలిన వాసన, కాలు పెడితే మెత్తగా లోపలికి పోయే బ్రేకు, ఇలాంటివి చికాకుల లెక్కలోకి రావు. అవి కనబడితే బండి పక్కన ఆపి సర్వీసు వాళ్లకి ఫోన్ చేయాల్సిందే.

సరే, మా టిక్కు సంగతి. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అక్కడ చప్పుడు రాలేదు. పంటినొప్పి డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గిపోయినట్టు. అక్కడున్న కుర్రాడు "కొత్త బండి కదా సార్, నాలుగు రోజులు తిరిగితే సెట్ అయిపోతుంది" అన్నాడు. నాలుగు రోజులు కాదు, మూడు వారాలు తిరిగింది. సెట్ అయింది చప్పుడే.

రెండోసారి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన, బాగా పాత మెకానిక్, "మీరు నడపండి సార్, నేను వెనక కూచుంటా" అన్నాడు. రేడియో కట్టించాడు, ఏసీ కట్టించాడు, అద్దాలన్నీ ఎత్తించాడు. ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. పొద్దున వస్తుందా, మధ్యాహ్నమా? తిన్నటి రోడ్డులో వస్తుందా, మలుపులోనా? బ్రేకు వేసినప్పుడా, వదిలినప్పుడా? అన్నీ అయ్యాక "బండిలో ఎవరెవరు ఉన్నప్పుడు వస్తుంది?" అన్నాడు. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఆలోచిస్తే, మా బాబు కూడా ఉన్న రోజుల్లో చప్పుడు విన్న గుర్తు లేదు. వాడి అల్లరిలో వినబడలేదేమో అనుకున్నాను. ఆయన మాట్లాడకుండా, బాబు కూర్చునే చోట వేలాడుతున్న సీటు బెల్టు నాలుకని చేత్తో పట్టుకుని "ఇప్పుడు గతుకు మీద పోనివ్వండి" అన్నాడు. నిశ్శబ్దం. వదిలేశాడు. టిక్కు!

బాబు కూర్చుంటే ఆ ఇనుప నాలుక తాళంలో ఉంటుంది. వాడు లేకపోతే వేలాడుతూ పక్క స్తంభం మీది ప్లాస్టిక్‌కి కొట్టుకుంటుంది. అంతే. అది తగిలే చోట బొటనవేలంత మెత్తటి గుడ్డ పట్టీ అతికించాడు. రెండు నిమిషాలు పట్టింది.

అప్పట్నుంచి ఎవరైనా తమ కారులో చప్పుడని చెబితే నేనూ ఆయనలాగే అడుగుతున్నాను. ముందు బండి ఖాళీ చేయండి. తలుపు జేబుల్లో సీసా, కళ్లజోడు పెట్టుకునే అరలో కళ్లజోడు, డిక్కీలో సరిగ్గా బిగించని జాకీ, వెనక అద్దం కింద అట్ట, వాడని సీటు బెల్టు, ఎక్కువ చప్పుళ్లు వీటివే. తర్వాత ఇంకొకరిని నడపమని మీరు పక్కన కూర్చుని డాష్‌బోర్డునీ తలుపునీ అక్కడక్కడ అరచేత్తో నొక్కండి. నొక్కినప్పుడు ఆగితే దొంగ అక్కడే ఉన్నాడు. ఎండకి ప్లాస్టిక్ సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. పొద్దున వచ్చే చప్పుడు మధ్యాహ్నం రాకపోవడానికి ఒక కారణం అదే. దొరక్కపోతే ఫోన్లో రికార్డు చేసి, ఏ వేగంలో, ఎలాంటి రోడ్డు మీద వచ్చిందో రాసిపెట్టుకోండి. "ఏదో చప్పుడొస్తోంది" అంటే సర్వీస్ సెంటర్లో ఎవరూ ఏమీ చేయలేరు. "నలభై దాటాక, ఎడమ ముందు తలుపులోంచి, బండి చల్లగా ఉన్నప్పుడు" అంటే సగం పని అయిపోయినట్టే.

అసలు ఫిర్యాదే కానివి కొన్నున్నాయి. ఏసీ వేసి తిరిగొచ్చాక బండి కింద నీటి మడుగు కడుతుంది. అది గాల్లోని తేమ, ఏసీ లోపల చల్లబడి నీరై గొట్టంలోంచి కారుతోంది. రంగూ జిడ్డూ లేని మామూలు నీళ్లయితే కంగారక్కర్లేదు. బండి ఆపాక అడుగునుంచి టిక్ టిక్ మంటే సైలెన్సర్ గొట్టాలు చల్లారుతూ ముడుచుకుంటున్నాయి. రాత్రి వాన పడితే పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమంటుంది. బ్రేకు డిస్కులు పోత ఇనుముతో చేసినవి, రాత్రికి రాత్రే పైన పలచగా తుప్పు పడుతుంది, బ్రేకు వేస్తే డిస్కుని నొక్కి పట్టే ప్యాడ్లు దాన్ని గీకేస్తాయి. ఆ గరగర రోజంతా ఉంటేనే చూపించాలి.

అరుపుల సంగతి వేరే. పక్క సీట్లో సంచీ పెడితే చాలు, బెల్టు పెట్టుకోమని గోల. సీటు కింద బరువు పసిగట్టే సెన్సర్ ఉంటుంది, దానికి మనిషికీ సంచీకీ తేడా తెలీదు. సంచీకి కూడా బెల్టు పెట్టేయండి, లేదా కింద పెట్టండి. చలి పెరిగిన మొదటి పొద్దున టైరు గాలి దీపం వెలిగితే పంక్చరే కానక్కర్లేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే టైరులో గాలి ఒత్తిడి, పీఎస్‌ఐ అనే కొలతలో, సుమారు ఒకటిన్నర తగ్గుతుంది. అలాగని వదిలేయకుండా గేజ్ పెట్టి చూసుకోవాలి. గాలి పట్టించాక కూడా దీపం ఆరడం లేదని చాలామంది అంటారు. కొన్ని కార్లలో టైరు లోపల సెన్సరేదీ ఉండదు. గాలి తగ్గిన టైరు మిగతా వాటికన్నా కొంచెం వేగంగా తిరుగుతుంది, బండి ఆ తేడాని లెక్కగడుతుంది. గాలి నింపాక "ఇదీ సరైన లెక్క" అని మెనూలో రీసెట్ నొక్కి మనమే చెప్పాలి. ఈ ముక్క కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా ఉంటుంది. మా ఇంట్లో అయితే అలాగే ఉండేది, ఇందులో దాపరికం ఏముంది!

ఇక నాకు నిజంగా కోపం తెప్పించేది తెర. కొత్త కారులో ఏసీ తగ్గించాలంటే తెర మీద ఒక బొమ్మ నొక్కాలి, ఇంకో పేజీ తెరుచుకోవాలి, అక్కడ వేలు జరపాలి. బండి గతుకులో ఊగుతుంటే వేలు పక్క బొమ్మ మీద పడుతుంది, ఏసీకి బదులు పాట మారుతుంది. పాత కారులో గుండ్రటి మీటని కళ్లు తిప్పకుండా తడిమి తిప్పేవాళ్లం. వయసైపోయి అలా అంటున్నానేమో అని నాకే అనుమానం వచ్చేది. 2022లో స్వీడన్‌కి చెందిన వీ బీలాగరే అనే కార్ల పత్రిక ఒక పరీక్ష పెట్టింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ సీటు వేడి చేయడం, రేడియో స్టేషన్ మార్చడం లాంటి నాలుగు పనులు చేయించారు. కొత్త కార్ల మధ్య పోలిక కోసం మామూలు బటన్లున్న 2005 నాటి వోల్వోని ఒకదాన్ని నిలబెట్టారు. ఆ ముసలి బండిలో పనంతా 10 సెకన్లలో అయిపోయింది. తెరలున్న కొత్త కార్లలో అన్నిటికన్నా వెనకబడ్డ దానికి 44 సెకన్లు దాటింది. అంతసేపట్లో బండి కిలోమీటరుకి పైగా వెళ్లిపోయింది. డ్రైవరు చూపు మాటిమాటికీ తెర మీదికి వెళ్తూనే.

ఈ గోడు మనొక్కళ్లదే కాదు. అమెరికాలో జె.డి. పవర్ సంస్థ కొత్త కారు కొన్నవాళ్లని మొదటి 90 రోజుల్లో ఏమేం ఇబ్బందులొచ్చాయని 1987 నుంచీ అడుగుతోంది. ఇటీవలి ఏళ్లలో ఎక్కువ ఫిర్యాదులు ఇంజిన్ మీద కాదు, తెర మీదే: ఫోన్ బండితో కలవకపోవడం, మనం చెప్పే మాట అది అర్థం చేసుకోకపోవడం, మెనూలు దొరకకపోవడం. కార్ల భద్రతకి నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా ఇండికేటరు, వైపరు, హారన్, నాలుగు దీపాలూ ఒకేసారి వెలిగించే హజార్డు లాంటి వాటికి విడిగా బటనో మీటో ఉంటేనే పూర్తి మార్కులని 2026 నుంచి పట్టుబడుతోంది. బటన్లు తిరిగొస్తాయన్న ఆశ ఉంది. ఈలోగా బయల్దేరే ముందే అన్నీ సరిచేసుకోండి. స్టీరింగ్ మీద మీకు నచ్చిన పనికి పెట్టుకోగల బటన్ ఉందేమో కూడా వెతకండి.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు గురించి కూడా చాలామంది విసుక్కుంటారు. మొదటిసారి ఆగినప్పుడు మా అమ్మ "అప్పుడే చెడిపోయిందా!" అంది. బటన్ నొక్కి ఆపేసినా, మళ్లీ తాళం వేసి తీసేసరికి అది పనిచేయడం మొదలుపెడుతుంది. కంపెనీ చెప్పే మైలేజీ లెక్కలో ఆ ఆదా కలిసి ఉంటుంది, అందుకే దాన్ని శాశ్వతంగా ఆపనివ్వరు. ఒక్కోసారి ఆగదు కూడా. బ్యాటరీ తగ్గినా, ఏసీ గట్టిగా పనిచేయాల్సొచ్చినా, ఇంజిన్ ఇంకా వేడెక్కకపోయినా తనే మానుకుంటుంది. అది లోపం కాదు. అయితే ఇలాంటి కారుకి బ్యాటరీ మార్చేటప్పుడు అదే రకం గట్టి బ్యాటరీ వేయించాలి.

మైలేజీ గురించి ఎంత చెప్పినా తరగదు, కొంచెమే చెబుతాను. కంపెనీ అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపి కట్టింది. ఐరోపాలో పాత పరీక్ష 20 నిమిషాల్లో 11 కిలోమీటర్లు, సగటున గంటకి 34 లోపు వేగం. 2017లో తెచ్చిన కొత్తది 30 నిమిషాలు, 23 కిలోమీటర్లు. మన ట్రాఫిక్కూ మన ఏసీ అందులో ఎక్కడుంటాయి? ఇంకో సంగతి, స్పీడోమీటరు ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది ప్రకారం అది అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు, ఎక్కువైతే పదో వంతు మీద మరో 4 కిలోమీటర్ల దాకా చూపవచ్చు. ఫోన్లో మ్యాపు 94 అంటే, కారు 100 అంటే, ఇద్దరికీ తగవు పెట్టకండి.

కొత్త వాసన కొందరికి ఇష్టం, మా అమ్మకి తలనొప్పి. అది జిగురూ ఫోమూ ప్లాస్టిక్కూ వదిలే ఆవిరి, ఎండలో నిలిపితే ఎక్కువవుతుంది. ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించితే చాలు. కొన్నాళ్లకి ఏసీలోంచి ముక్కిపోయిన వాసన వస్తే, ఇల్లు చేరే ముందు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం ఉంచండి, లోపలి తేమ ఆరిపోతుంది.

ఇంత చిన్న వాటికి ఫిర్యాదు చేయడం ఏం బాగుంటుంది అని కొందరు మొహమాటపడతారు. 1986లో ఫోర్డ్ కంపెనీలో జేమ్స్ మోయ్లన్ అనే ఉద్యోగి ఆఫీసు కారు తీసుకుని పెట్రోలు పట్టించడానికి వెళ్లాడు. వాన కురుస్తోంది. ట్యాంకు మూత ఏ పక్కనుందో తెలియక తప్పు వైపు ఆపాడు, తడిసి ముద్దయ్యాడు. తిరిగొచ్చి, పెట్రోలు ముల్లు పక్కన మూత ఎటుందో చూపే చిన్న బాణం గుర్తు పెడితే బాగుంటుందని పైవాళ్లకి రాశాడు. 1989 మోడల్ కార్లలో ఆ బాణం వచ్చేసింది. ఇప్పుడు దాదాపు ప్రతి కారులోనూ ఉంది. మీ బండిలో ఉందో లేదో ఎప్పుడైనా చూశారా?

మా కారు విషయానికొస్తే, టిక్కు పోయింది. నిన్న మా బాబు "నాన్నా, ముందునుంచి ఏదో జీ అంటోంది" అన్నాడు. నాకేమీ వినబడలేదు. అదేంటో తేలాలంటే రేడియో కట్టేసి బండి నడపాలి. మీరు మాత్రం తర్వాతి కార్యక్రమం అయ్యేదాకా కట్టేయకండి. నమస్కారం.