అంచు కోసినా పర్లేదు, కాలు చెరిపితేనే తంటా

[తెర మీద: చే గువేరా బొమ్మ ఉన్న టీషర్టు]

ఈ బొమ్మ మన బరంపురం బజార్లో టీషర్టుల మీద మీరూ చూసే ఉంటారు. 1960 మార్చిలో హవానాలో అల్బెర్టో కోర్డా తీసిన ఫొటో. అసలు ఫ్రేము అడ్డంగా ఉంటుంది. ఒక పక్క ఇంకో మనిషి, మరో పక్క చెట్టు ఆకులు. రెండు వైపులా కోసేశాక మిగిలిన ముఖమే ప్రపంచమంతా తిరిగింది.

ఇలా ఫొటో అంచులు కోయడాన్నే క్రాప్ అంటారు. అదంటే గిట్టని ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసాన్ కూడా 1932లో పారిస్‌లో నీళ్ల మీదుగా దూకే మనిషి ఫొటోని కోయక తప్పలేదు. కంచె సందులోంచి తీశాడు మరి! కాబట్టి "క్రాప్ చేసేవాడికి పని రాదు" అనే మాట వదిలేద్దాం.

[తెర మీద: ఫొటో చుట్టూ గడి చిన్నదవుతుంది]

నష్టం ఒకటుంది. 24 మెగాపిక్సెల్ (ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు) ఫొటోని పొడవులో సగం, వెడల్పులో సగం చేస్తే మిగిలేది 6 మెగాపిక్సెలే. ఆల్బమ్‌కి చాలు, గోడంత ఫ్లెక్సీని దగ్గర నుంచి చూస్తే బొమ్మ మసకగా కనిపిస్తుంది.

ఇక అసలు గొడవ. 2010లో వార్తా ఫొటోలకి జరిగే వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో ఫొటోగ్రాఫర్ స్టెపాన్ రూడిక్‌కి వచ్చిన బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఆయన ఫొటోని బాగా కోశాడు, నలుపు తెలుపు చేశాడు. అవేవీ తప్పు కాలేదు. వెనకాల కనిపించే ఒక కాలి ముక్కని చెరిపేశాడు, అదే తప్పయింది. ఒరిజినల్ ఫైల్ అడిగి చూస్తే దొరికిపోయాడు.

కోయొచ్చు, చెరపకూడదు అనే ఈ నియమం సరే. కానీ క్రాప్ కూడా అబద్ధం చెప్పగలదని నా అనుమానం. రుషికుల్య నది దగ్గర పొడంపేటనే తీసుకోండి, సముద్రం కోతకు ఇళ్లు కూలిన మన జాలర్ల ఊరు. కూలిన గోడని కోసేస్తే అందమైన బీచ్. వల బాగుచేసుకునే మనుషుల్ని కోసేస్తే దిక్కులేని ఊరు. ఒక్క పిక్సెల్ కూడా చెరపలేదు, కథ మాత్రం మారిపోయింది. వార్తకిచ్చే ఫొటో అయితే ఇక్కడ కాస్త ఆగాలి.

[తెర మీద: పెళ్లి మండపం]

పెళ్లి ఫొటోలకి ఇంత టెన్షన్ అక్కర్లేదు. వెనక ప్లాస్టిక్ కుర్చీలుంటే తీసేయండి, ఎవరూ కేసు పెట్టరు. ఊదారంగు లైట్లకి ముఖం నీలంగా వస్తే వైట్ బ్యాలెన్స్ (లైటు వల్ల మారిన రంగుల్ని సరిదిద్దే సెట్టింగు) సరిచేయాల్సిందే, అప్పుడు కనిపించేది అమ్మాయి అసలు రంగే కదా. చామనచాయని తెల్లగా చేయమంటే మాత్రం, అడిగింది పెళ్లికూతురా, చుట్టాలా అని ముందు కనుక్కోండి.